ప్యూర్టో రికోలో తక్కువ ఖర్చుతో ఎక్కడ దిగాలి?

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్లలో, ముఖ్యంగా హెచ్1బి (ఉద్యోగం), ఎఫ్1 (చదువు) వీసాల మీద ఉన్నవాళ్లలో, కరీబియన్ అనగానే ముందు వినబడే పేరు ప్యూర్టో రికో. ఎందుకో అందరికీ తెలుసు. 1898 నుంచి అమెరికా చేతిలో ఉన్న ద్వీపం కాబట్టి డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఎక్కితే అది దేశంలోపలి ఫ్లైటే, పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర వేయించుకునే స్టాంపింగ్ గొడవ లేదు, డాలర్లే నడుస్తాయి. పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 లేదా ఐ-20 కాగితాలు మాత్రం వెంట ఉంచుకోండి, శాన్ హువాన్ ఎయిర్‌పోర్టులో అధికారులు అడిగే అవకాశం ఉంది. ఇంకోటి, అక్కడ క్రూజ్ ఎక్కి పక్క దేశాల ద్వీపాలకు వెళ్తే అది విదేశీ ప్రయాణమే అవుతుంది, స్టాంప్ లేనివాళ్లు ఆ జోలికి పోవద్దు.

టికెట్లు తీసుకున్నాక అందరూ చిక్కుకుపోయే ప్రశ్న ఒకటే, ఎక్కడ దిగాలి? బుకింగ్ సైటులో రాత్రికి ఎంత అని చూసి, తక్కువ నుంచి ఎక్కువకి వరస పెట్టి, పైన కనిపించినదాన్ని పట్టుకుంటాం. ప్యూర్టో రికోలో ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ గది ఎంత పడుతుందన్నది చివరికి తేల్చేది గది అద్దె కాదు, కారు. మీకు కారు కావాలా, కావాలంటే ఎన్ని రోజులు కావాలి అన్నది ముందు తేలితే ఎక్కడ దిగాలో సగం తేలిపోయినట్టే.

## అద్దె కంటే ముందు చూడాల్సినవి

మొదటిది కారే. శాన్ హువాన్ లోపల ఊబర్ బాగా దొరుకుతుంది, సిటీ బస్సులు ఉన్నాయి, నడిచి తిరగగలిగే పేటలు ఉన్నాయి. ఊరు దాటితే అంతా వేరు. ఎల్ యుంకే అడవికో, లుకీయో బీచ్‌కో ఊబర్‌లో వెళ్లడం కుదురుతుంది, తిరిగి రావడానికి బండి దొరకడమే కష్టం. ఇక రెంటల్ కారు అంటే అద్దె ఒక్కటే కాదు, ఇన్సూరెన్స్, టోల్ పరికరానికి రోజువారీ చార్జీ, హోటల్ పార్కింగ్, 25 ఏళ్ల లోపువాళ్లకు అదనపు ఫీజు, ఇవన్నీ కలుస్తాయి. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వారాల్లో గది కంటే కారుకే ఎక్కువ పెట్టాల్సి వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండోది పన్ను. గది మీద వేసే పన్ను అన్నిచోట్లా ఒకటి కాదు. కసీనో ఉన్న హోటల్‌కి 11 శాతం, మామూలు హోటల్‌కి 9 శాతం, ఎయిర్‌బిఎన్‌బి లాంటి ఇళ్లకీ, పరదోర్ అని పిలిచే చిన్న కుటుంబ హోటళ్లకీ 7 శాతం. దాని మీద పెద్ద హోటళ్లు రిసార్ట్ ఫీజు వేస్తాయి, ఇళ్లకు క్లీనింగ్ ఫీజు పడుతుంది. లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. కసీనో హోటల్‌లో గది 150 డాలర్లు, దాని మీద పన్ను పదహారున్నర, రిసార్ట్ ఫీజు 35, అంటే రాత్రికి 200 దాటింది, కారుంటే పార్కింగ్ వేరే. ఇంకోపక్క ఇల్లు రాత్రికి 130, క్లీనింగ్ 120, పన్ను 7 శాతం అనుకుంటే మూడు రాత్రులకి సగటున 182 పడుతుంది, అదే ఇల్లు ఆరు రాత్రులకి తీసుకుంటే 160కి దిగుతుంది, సైటు వేసే సర్వీస్ ఫీజు దీనికి అదనం. అందుకే ఒకటి రెండు రాత్రులకి ఇల్లు తీసుకోవడం ఎప్పుడూ నష్టమే, క్లీనింగ్ ఫీజే మింగేస్తుంది. పొట్టి మజిలీకి హోటలో గెస్ట్ హౌసో, నాలుగు రాత్రులు దాటితే ఇల్లు, ఇదీ నేను పాటించే పద్ధతి.

మూడోది వంటగది. శాకాహారులకి ఇది ఖర్చుకి మించిన విషయం. ప్యూర్టో రికో వాళ్లు మనలాగే రోజూ అన్నం తింటారు, పక్కన రాజ్మా లాంటి గింజల కూర ఉంటుంది, చూడగానే ప్రాణం లేచొస్తుంది, కానీ ఆ గింజల్ని చాలాచోట్ల పంది మాంసం ముక్కలతో ఉడికిస్తారు. అరటికాయ దంచి చేసే మొఫోంగోలో కూడా తరచూ పంది చర్మం వేపుడు కలుపుతారు. అడిగితే లేకుండా చేసిచ్చేవాళ్లు ఉన్నారు, పచ్చి అరటికాయ వేపుడు తొస్తోనెస్ మాత్రం దాదాపు ప్రతి రెస్టారెంట్‌లో దొరుకుతుంది, కానీ వారమంతా అరటికాయల మీద బతకలేం కదా. వంటగది ఉంటే బియ్యం, కూరగాయలు, పెరుగు ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరుకుతాయి, వాల్‌మార్ట్, కాస్ట్‌కో కూడా ఉన్నాయి. పొడులు, పచ్చళ్లు మీరు తీసుకెళ్తే సరి. అక్కడి ఇళ్లలో కల్దేరో అని మందపాటి అల్యూమినియం గిన్నె ఉంటుంది, అన్నం అందులో చక్కగా ఉడుకుతుంది, కుక్కర్ మోసుకెళ్లక్కర్లేదు.

నాలుగోది కరెంటు, నీళ్లు. దీన్ని బయటినుంచి వెళ్లేవాళ్లు చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో అద్దె కంటే ముందు అడగాల్సింది ఇదే. 2017 సెప్టెంబర్‌లో మరియా తుఫాను కరెంటు వ్యవస్థను కుప్పకూల్చాక అది ఇప్పటికీ పూర్తిగా కోలుకోలేదు. 2024 డిసెంబర్ 31న ఒకసారి, 2025 ఏప్రిల్ 16న మరోసారి ద్వీపమంతా చీకటైపోయింది, చిన్న చిన్న కోతలైతే మామూలు. ఆ ఉక్కలో ఏసీ లేకుండా పసిపిల్లతోనో, పెద్దవాళ్లతోనో రాత్రి గడపడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. కరెంటు పోతే చాలాచోట్ల పంపులు ఆగి నీళ్లు కూడా పోతాయి. అందుకే బుక్ చేసేముందు ఓనర్‌కి ఒక మెసేజ్ పెట్టండి, జనరేటర్ ఉందా, ఉంటే అది ఏసీని కూడా లాగుతుందా లేక లైట్లు, ఫ్రిజ్ వరకేనా, నీళ్ల ట్యాంకు ఉందా, పై అంతస్తయితే కరెంటు పోయినప్పుడు లిఫ్ట్ నడుస్తుందా. జనరేటర్‌ని అక్కడివాళ్లు ప్లాంతా అంటారు, నీళ్ల ట్యాంకుని సిస్టెర్నా అంటారు, ఇళ్ల వివరాల్లో ఈ మాటలు కనిపిస్తే మంచిది. సోలార్, బ్యాటరీ ఉన్న ఇల్లు దొరికితే పది డాలర్లు ఎక్కువైనా తీసుకోండి.

బీచ్ గురించి ఒక్క మాట. ప్యూర్టో రికోలో చట్టప్రకారం బీచ్‌లన్నీ ప్రజలవే. పెద్ద రిసార్ట్ ముందున్న ఇసుకలో కూడా మీరు దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. కాబట్టి బీచ్ ఎదురుగా ఉన్న గదికి డబ్బు పెట్టకుండా రెండు వీధులు వెనక్కి వెళ్తే నష్టపోయేది ఒక్క బాల్కనీ దృశ్యమే. బీచ్ పక్కనుందా అని కాక, ఆ బీచ్‌లో ఈత కొట్టగలమా అని చూడండి.

## ఎక్కడెక్కడ ఎలా ఉంటుంది

| చోటు | కారు | ఈత | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|
| ఓల్డ్ శాన్ హువాన్ | ఉంటేనే తలనొప్పి | పక్కనే బీచ్ లేదు | జంటలు, రెండు మూడు రాత్రులు |
| కొండాడో | అక్కర్లేదు | అలలు జోరు | హోటల్ సుఖం కావాలనుకునేవాళ్లు |
| ఓషన్ పార్క్, సాంతుర్సే | అక్కర్లేదు | జాగ్రత్తగా | స్నేహితుల గుంపులు, స్టూడెంట్లు |
| ఇస్లా వెర్డే | అక్కర్లేదు | బాగుంటుంది | పిల్లలున్నవాళ్లు, పొట్టి ట్రిప్ |
| లుకీయో | తప్పనిసరి | చాలా బాగుంటుంది | కుటుంబాలు, వంట చేసుకునేవాళ్లు |
| రింకోన్ | తప్పనిసరి | వేసవిలోనే | సర్ఫింగ్ ఇష్టమున్నవాళ్లు |
| పోన్సే, లా పార్గెరా | తప్పనిసరి | పడవెక్కి వెళ్లాలి | రెండోసారి వచ్చేవాళ్లు |
| వియేకెస్ (పక్కనున్న చిన్న ద్వీపం) | అక్కడే అద్దెకి | బాగుంటుంది | తీరిక ఉన్నవాళ్లు |

ఓల్డ్ శాన్ హువాన్ అంటే కోటగోడల లోపలి పాత ఊరు. నీలిరంగు రాళ్లు పరిచిన వీధులు, రంగురంగుల ఇళ్లు, ఒక కొసన ఎల్ మోర్రో కోట, ఇంకో కొసన సాన్ క్రిస్తోబాల్ కోట. పది డాలర్ల టికెట్‌తో రెండు కోటలూ చూడొచ్చు, నేషనల్ పార్క్స్ వార్షిక పాసు ఉంటే అదీ చెల్లుతుంది. సాయంత్రం ఎల్ మోర్రో ముందున్న పచ్చికలో గాలిపటాలు ఎగరేస్తారు, దానికి టికెట్ కూడా అక్కర్లేదు. క్రూజ్ జనం ఓడెక్కి వెళ్లిపోయాక ఆ వీధుల్లో నడుస్తుంటే ఉండే హాయి కోసమైనా ఇక్కడ ఒకటి రెండు రాత్రులు ఉండాలంటాను. కానీ గదులు పాత భవనాల్లో ఉంటాయి, లిఫ్ట్ లేని మెట్లు, లోపలి గదులకి కొన్నిచోట్ల కిటికీలే ఉండవు, సాన్ సెబాస్టియన్ వీధి దగ్గరైతే రాత్రి సంగీతం ఎప్పటికి ఆగుతుందో తెలీదు. జనవరిలో ఆ వీధి పేరుతో పెద్ద పండగ జరుగుతుంది, ఆ వారాంతంలో రేట్లు, జనం రెండూ విపరీతం. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్తుంటే ఇక్కడ దించకండి, పగలు తీసుకొచ్చి చూపించండి చాలు.

కొండాడో గురించి ఎక్కువ చెప్పను. సముద్రం వెంట పెద్ద హోటళ్లు, షాపులు, అంతా నడకలో ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, కానీ తక్కువ ఖర్చు అన్న మాట ఇక్కడ పొసగదు. పైగా కొండాడో సముద్రం కింద లాగేసే ప్రవాహాలు ప్రమాదకరమైనవి, అక్కడ మునిగిపోయినవాళ్లున్నారు. అంత డబ్బు పెట్టి పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకుండా కాపలా కాయడం ఎందుకు?

అక్కడినుంచి తూర్పుకి కొంచెం జరిగితే ఓషన్ పార్క్, దాని వెనక సాంతుర్సే. కారు లేకుండా తక్కువలో ఉండాలంటే నా మొదటి ఓటు ఈ రెండింటి మధ్యనున్న కాయే లోయిసా చుట్టుపక్కల వీధులకే. చిన్న గెస్ట్ హౌసులు, ఇళ్లలో అద్దెకిచ్చే గదులు, నడిచి వెళ్లగలిగే కాఫీ షాపులు, తినే చోట్లు, పది నిమిషాల నడకలో బీచ్. సాంతుర్సే లోపలికి వెళ్లేకొద్దీ అద్దె తగ్గుతుంది, కానీ వీధి వీధికీ తేడా ఉంటుంది, కాబట్టి రివ్యూల్లో ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లు ఏం రాశారో చదవండి, చీకటి పడ్డాక ఊబర్ వాడండి. లా ప్లసీతా అనే పాత మార్కెట్ పగలు కూరగాయల బజారు, వారాంతం రాత్రుళ్లు పాటలు, డాన్సుల అడ్డా. కుర్రాళ్లకి అది పక్కనుంటే సరదా, నిద్ర కావాలనుకునేవాళ్లు నాలుగు వీధులు దూరంగా చూసుకోవాలి. యూనివర్సిటీ ఉన్న రియో పియేద్రస్ ఇంకా చవక, కానీ అక్కడి ట్రెన్ ఉర్బానో రైలు పాత ఊరికీ వెళ్లదు, ఎయిర్‌పోర్టుకీ వెళ్లదు, కాబట్టి రైలుందని చూసి మోసపోకండి.

ఇస్లా వెర్డే ఎయిర్‌పోర్టుకి ఆనుకునే ఉంటుంది. విమానాల చప్పుడు ఉంటుంది, అది నిజం. కానీ శాన్ హువాన్ ప్రాంతంలో ఈతకి మంచి బీచ్ ఇదే, లైఫ్‌గార్డులుండే కరోలీనా ప్రభుత్వ బీచ్ కూడా పక్కనే. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్లు దొరుకుతాయి, సూపర్‌మార్కెట్ నడకలో ఉండేది ఎంచుకోవచ్చు. లాంగ్ వీకెండ్‌కి శుక్రవారం రాత్రి దిగి సోమవారం తిరిగెళ్లే కుటుంబానికి ఇక్కడ ఊబర్ ఖర్చు, దారిలో పోయే టైమ్ రెండూ మిగులుతాయి. ఓల్డ్ శాన్ హువాన్‌కి సిటీ బస్సు ఉంది, టికెట్ డాలర్ కూడా కాదు, కాకపోతే అది ఎప్పుడొస్తుందో నమ్ముకోలేం.

ఇక లుకీయో. కుటుంబాలు నన్ను అడిగితే ముందు చెప్పే పేరు ఇదే. శాన్ హువాన్ నుంచి కారులో ముప్పావుగంట. పగడపు దిబ్బలు అలల్ని ఆపడం వల్ల లా మోన్సెర్రాతే బీచ్‌లో నీళ్లు ప్రశాంతంగా ఉంటాయి, కొబ్బరిచెట్లు, స్నానాల గదులు, పార్కింగ్ అన్నీ ఉన్నాయి. రోడ్డు పక్కన వరసగా పదుల సంఖ్యలో తిండి దుకాణాలు, అక్కడివాళ్లు కియోస్కోలంటారు. ఎల్ యుంకే, అమెరికా నేషనల్ ఫారెస్టుల్లో ఉన్న ఒకే ఒక్క ఉష్ణమండల వర్షారణ్యం, ఇక్కడికి దగ్గర, పొద్దున్నే వెళ్లి పార్కింగ్ దొరికించుకోవచ్చు. చీకట్లో నీళ్లు మెరిసే ఫహార్దో లగూన్, వియేకెస్, కులేబ్రా అనే చిన్న ద్వీపాలకు ఫెర్రీ ఎక్కే సేయ్‌బా కూడా ఇక్కడికి దగ్గరే. బీచ్ ఒడ్డున ప్లాయా అసుల్ లాంటి ఎత్తయిన అపార్ట్‌మెంట్ టవర్లలో వంటగదితో ఇళ్లు అద్దెకి దొరుకుతాయి, రెండు కుటుంబాలు కలిసి తీసుకుంటే తలా ఒక్కింటికి పడేది బాగా తగ్గుతుంది. ఇక్కడ రాజీ పడాల్సింది రాత్రుళ్ల విషయంలో, తొమ్మిది దాటితే ఊరు నిద్రపోతుంది. కారు లేకుండా మాత్రం రావద్దు, ఇక్కడ అది కాళ్లు కట్టేసుకున్నట్టే. కొన్ని నెలల్లో, ముఖ్యంగా వసంతం నుంచి వేసవి దాకా, తూర్పు, దక్షిణ ఒడ్డులకు సర్గాసం అనే నాచు కొట్టుకొస్తుంది. ఆ రోజుల్లో వెళ్తుంటే తాజా రివ్యూల్లో ఫొటోలు చూసుకోండి.

రింకోన్ పడమటి కొసన ఉంది, శాన్ హువాన్ నుంచి రెండున్నర గంటల దారి. 1968లో ప్రపంచ సర్ఫింగ్ పోటీలు జరిగిన ఊరు. చలికాలంలో అలలు పెద్దవి, సర్ఫర్లు నిండిపోతారు, అద్దెలు పెరుగుతాయి, అదృష్టం బాగుంటే ఒడ్డునుంచే తిమింగలాలు కనిపిస్తాయి. వేసవిలో సముద్రం శాంతిస్తుంది, అద్దెలూ దిగుతాయి, మామూలుగా ఈత కొట్టుకునేవాళ్లకి అదే మంచి టైమ్. ఇక్కడికే వస్తున్నారంటే అగ్వాదియా ఎయిర్‌పోర్టుకి ఫ్లైట్ చూడండి, శాన్ హువాన్ నుంచి డ్రైవింగ్ తప్పుతుంది. కొన్ని ఫ్లైట్లు అర్ధరాత్రి దాటాక దిగుతాయి కాబట్టి ఓనర్ ఆ వేళకి తాళం ఎలా ఇస్తాడో, కారు కౌంటర్ తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోవాలి.

పోన్సే దక్షిణాన ఉన్న పెద్ద ఊరు, గంటన్నర దారి. ఊరి నడిబొడ్డున ప్లాజా, ఎరుపు నలుపు చారల పాత ఫైర్ స్టేషన్, టూరిస్టుల ఒత్తిడి లేని వీధులు. గదులు రాజధాని కంటే చవక. కానీ ఊళ్లో చెప్పుకోదగ్గ బీచ్ లేదు, బీచ్ కోసమే వచ్చేవాళ్లు నిరాశపడతారు. అక్కడినుంచి పడమటికి వెళ్తే లా పార్గెరా, చిన్న చేపల ఊరు, పరదోర్లు ఉన్నాయి. ప్యూర్టో రికో మొత్తం మీద చీకట్లో నీళ్లు మెరిసే బేలు మూడు ఉంటే నీళ్లలో దిగనిచ్చేది ఇక్కడొక్కచోటే. ఈ మెరుపు వెన్నెల్లో కనబడదు, అమావాస్యకి దగ్గర రోజులు చూసుకుని గది బుక్ చేయండి. ఈ విషయంలో మన క్యాలెండర్ బాగా పనికొస్తుంది.

వియేకెస్‌లో గది చవగ్గా కనిపిస్తే ఆగి ఆలోచించండి. శాన్ హువాన్‌లో తీసుకున్న రెంటల్ కారు ఫెర్రీలో తీసుకెళ్లనివ్వరు, సేయ్‌బాలో పార్కింగ్‌కి కట్టి అక్కడ మళ్లీ జీపో స్కూటరో అద్దెకి తీసుకోవాలి. ఫెర్రీ చవకే, కానీ ఆలస్యాలు, రద్దులు ఉంటాయి, కాబట్టి తిరుగు ఫ్లైట్ ఉన్న రోజు పొద్దున ఫెర్రీని నమ్ముకోవద్దు. సరుకులు కూడా ఓడలో రావాలి కాబట్టి ధరెక్కువ. ఇంత చేసి వెళ్లేది మొస్కీతో బే కోసం, దాని మెరుపు ముందు మిగతా రెండూ దిగదుడుపే. పున్నమి వారంలో మీ ట్రిప్ పడితే మాత్రం వియేకెస్ మానేసి ఆ డబ్బు మిగుల్చుకోండి. కులేబ్రాకి పగటిపూట వెళ్లొస్తే సరిపోతుంది, గుడారంలో పడుకోగలిగేవాళ్లకి ఫ్లమెంకో బీచ్ పక్కనే టెంటు వేసుకునే స్థలం ఉంది, అంత అందమైన బీచ్ పక్కన అంత తక్కువలో పడుకునే చోటు ఇంకోటి దొరకదు.

## రెండు మజిలీలుగా విడగొట్టండి

అయిదారు రోజులు ఉన్నవాళ్లు ఒకేచోట ఉండిపోవడం వల్లే ఎక్కువ డబ్బు పోతుంది. శాన్ హువాన్‌లోనే ఉంటే వాడని రోజుల్లో కూడా కారుకి, దాని పార్కింగ్‌కి కడతారు, లుకీయోలోనే ఉంటే పాత ఊరు చూడటానికి రోజూ అటూ ఇటూ తిరుగుతారు. మొదటి రెండు రాత్రులు ఓల్డ్ శాన్ హువాన్‌లోనో ఓషన్ పార్క్‌లోనో కారు లేకుండా గడిపి, మూడో రోజు పొద్దున కారు తీసుకుని లుకీయోలో వంటగది ఉన్న ఇంటికి మారండి, చివరి రోజు అటునుంచటే ఎయిర్‌పోర్టుకి వచ్చి కారు ఇచ్చేయండి. కారు అద్దె రెండు రోజులు తగ్గుతుంది, పాత ఊళ్లో పార్కింగ్ వెతుక్కునే టెన్షన్ ఉండదు. స్టూడెంట్లు నలుగురైదుగురు ఉంటే, పాతికేళ్లు దాటినవాళ్లు ఒక్కరున్నా కారు ఆ పేరు మీదే తీసుకోండి, డ్రైవింగ్ కూడా వాళ్లే చేయాలి. అందరూ పాతికలోపే అయితే కారు ఆలోచన వదిలేసి సాంతుర్సేలో దిగి, ఎల్ యుంకేకి ఒక్కరోజు టూర్ వ్యాన్‌లో వెళ్లడం చవక.

ఎప్పుడు వెళ్లాలన్నదీ అద్దెను బాగా మారుస్తుంది. డిసెంబర్ సగం నుంచి ఏప్రిల్ సగం దాకా ఎక్కువ. ఏప్రిల్ చివర, మే నెల నాకు అన్నిటికంటే నచ్చినవి, చలికాలపు రేట్లు దిగుతాయి, తుఫాన్ల కాలం ఇంకా మొదలవదు. అది జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు, అందులో ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా భయం ఎక్కువ. ఆ నెలల్లో కనిపించే చవక రేటుని క్యాన్సిల్ చేసుకునే వీలున్నప్పుడే తీసుకోండి, డబ్బు తిరిగి ఇవ్వం అన్న డీల్ ఎంత తక్కువైనా వద్దు. థాంక్స్‌గివింగ్‌కి వెళ్లాలనుకుంటే ఎండాకాలంలోనే గది, కారు రెండూ ఒకే రోజు బుక్ చేయండి, గది దొరికి కారు దొరక్కపోతే లుకీయో ప్లాన్ మొత్తం పోతుంది.